మెట్రో మేయర్‌తో పని పడితే: గ్రేటర్ మాంచెస్టర్‌లో ఉండే తెలుగువాళ్లకు

2018 చలికాలంలో మా వీధి మలుపులో ఒక గుంత పడింది. మా ఆయన సైకిల్ చక్రం దాన్లో దిగి, ఆయన మోచెయ్యి గీరుకుపోయింది. నాకు ఒళ్లు మండి ఆ రాత్రే కూర్చుని మేయర్ గారికి రెండు పేజీల మెయిల్ రాశాను. గుంత ఫొటోలు నాలుగు, మోచెయ్యి ఫొటో ఒకటి జత చేశాను. టీవీలో తరచూ కనిపిస్తాడు, ఈ ప్రాంతానికి పెద్ద ఆయనే కదా అనుకున్నాను. జవాబు మర్యాదగానే వచ్చింది. మీ వీధి రోడ్డు మీ కౌన్సిల్ చూసుకుంటుంది, ఫలానా లింకులో చెప్పండి అని. చెప్పాను. తొమ్మిదో రోజున వచ్చి తారు పోసి వెళ్లారు. ఆ లింకులో ఫిర్యాదు నింపడానికి నాకు పట్టింది నాలుగు నిమిషాలు. మెయిల్ రాయడానికి రెండు గంటలు పట్టింది.

నేను బోల్టన్‌కి వచ్చి పన్నెండేళ్లు దాటింది. ఒక కేర్ హోమ్‌లో రాత్రి డ్యూటీలు చేస్తాను. కొత్తగా వచ్చే పిల్లలు, చదువుకోడానికి వచ్చినవాళ్లు, కేర్ వీసా మీద వచ్చినవాళ్లు, నన్ను అక్కా అంటారు. వాళ్లు అడిగేవాటిలో సగం ఒకటే ప్రశ్న: "ఇది ఎవరికి చెప్పాలక్కా?" ప్రతివాళ్లకీ విడివిడిగా వాట్సాప్‌లో చెప్పి చెప్పి విసుగొచ్చి ఇది రాస్తున్నాను. మేయర్ చేతిలో ఏముంది, ఏం లేదు, ఉన్నదాన్ని మనం ఎలా వాడుకోవాలి, ఇంతే దీని సంగతి.

ముందు ఏ మేయరో తేల్చుకోండి

ఇంగ్లండ్‌లో మేయర్ అనే మాటకి మూడు అర్థాలున్నాయి. మెడలో బంగారు గొలుసు వేసుకుని పాఠశాల వార్షికోత్సవాలకీ, నూరేళ్లు నిండిన తాతగారి పుట్టినరోజుకీ వచ్చేది అలంకార మేయర్. ఏడాదికొకరు మారతారు. మాంచెస్టర్‌లో ఆయన్నే లార్డ్ మేయర్ అంటారు. ఆయనతో ఫొటో దిగండి, పని చెప్పకండి. రెండోది ఒకే ఊరి కౌన్సిల్‌ని నడిపే ఎన్నికైన మేయర్. పక్కనే ఉన్న సాల్ఫర్డ్‌లో 2012 నుంచి అలాంటి మేయర్ ఉన్నారు. అదే ఏడాది మే నెలలో మాంచెస్టర్ నగరాన్ని కూడా అడిగితే, మాకొద్దని ఓటేశారు.

మూడోది మనం మాట్లాడుకునేది. బోల్టన్, బరీ, మాంచెస్టర్, ఓల్డమ్, రోచ్‌డేల్, సాల్ఫర్డ్, స్టాక్‌పోర్ట్, టేమ్‌సైడ్, ట్రాఫర్డ్, విగన్, ఈ పది కౌన్సిళ్ల ప్రాంతం మొత్తానికి కలిపి ఒక్క మేయర్. అంటే 28 లక్షల పైచిలుకు జనానికి. పత్రికలవాళ్లు మెట్రో మేయర్ అంటారు. మా చెల్లెలు మొదటిసారి విని మెట్రో రైలుకి అధిపతి అనుకుంది. రైలుకీ ఈ పేరుకీ సంబంధం లేదు. మహానగర ప్రాంతం అని దాని అర్థం.

మన దగ్గర కార్పొరేటర్లు కూర్చుని మేయర్‌ని ఎన్నుకుంటారు, అసలు ఫైళ్లు కమిషనర్ గారి బల్ల మీద కదులుతాయి. ఇక్కడ ఈ మేయర్‌ని మనమే నేరుగా ఎన్నుకుంటాం. అది చూసి అన్ని అధికారాలూ ఆయనవే అనుకోవద్దు, నేను చేసిన పొరపాటు అదే. 2014 నవంబర్‌లో అప్పటి ఆర్థికమంత్రి జార్జ్ ఆస్బర్న్‌కీ ఇక్కడి కౌన్సిళ్లకీ ఒప్పందం కుదిరింది. కొన్ని అధికారాలూ, కొంత డబ్బూ ఇస్తాం, బదులుగా జనం ఎన్నుకున్న ఒక మేయర్‌ని ఒప్పుకోండి అని. దేశమంతటికీ ఒకే చట్టం కింద ఒకేలా పంచింది కాదు. ఒక్కో ప్రాంతం లండన్‌తో బేరమాడి తెచ్చుకుంది. అందుకే ఒక్కో మేయర్ మొలలో ఒక్కో రకం తాళంచెవుల గుత్తి.

మొదటి ఎన్నిక 2017 మే 4న జరిగింది. ఆండీ బర్నమ్ గెలిచారు. 2021లోనూ, 2024లోనూ ఆయనే. ఆయన నచ్చినా నచ్చకపోయినా కుర్చీ లెక్క గుర్తుపెట్టుకోండి: కంబైన్డ్ అథారిటీ, అంటే పది కౌన్సిళ్లూ కలిసి నడిపే ఉమ్మడి సంస్థ, దాని బల్ల చుట్టూ పదకొండు మంది కూర్చుంటారు, పది మంది కౌన్సిల్ లీడర్లు, పదకొండో మనిషి మేయర్. ఆయన బడ్జెట్‌ని కూడా మూడింట రెండు వంతుల మంది లీడర్లు కలిస్తే మార్చేయగలరు. ఉమ్మడి కుటుంబంలో పెద్దకొడుకు లాంటి పదవి. ఇంటి పేరు ఆయనదే, పొలం కాగితాలు మాత్రం తమ్ముళ్ల దగ్గరున్నాయి.

కౌన్సిల్ ట్యాక్స్ బిల్లు ముందేసుకోండి

ఎవరి పని ఏదో తెలుసుకోడానికి వెబ్‌సైట్లన్నీ తిరగక్కర్లేదు. ఏప్రిల్ ముందు వచ్చే కౌన్సిల్ ట్యాక్స్ బిల్లు తీయండి. ఫుల్‌టైమ్ విద్యార్థులే ఉండే ఇంటికి ఆ పన్ను ఉండదు, కాబట్టి స్టూడెంట్లు పక్కింటివాళ్లనో నాలాంటి అక్కనో అడిగి చూడండి. అందులో పెద్ద అంకె మీ కౌన్సిల్‌ది. దాని కింద మేయర్ పేరుతో రెండు వరుసలు వేరుగా ఉంటాయి. ఒకటి పోలీసు ప్రిసెప్ట్. రెండోది జనరల్ ప్రిసెప్ట్, ఫైర్ సర్వీస్ కలిపి. ప్రిసెప్ట్ అంటే మీ కౌన్సిల్ మీ దగ్గర వసూలు చేసి మేయర్ వైపు పంపే వాటా.

ఆ మూడు అంకెల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. చెత్త డబ్బాలు, వీధి దీపాలు, పార్కింగ్ జరిమానాలు, బడి సీట్లు, వృద్ధుల సంరక్షణ, ఇంట్లో తేమ పట్టి బూజు వస్తే తనిఖీ, అద్దె ఇళ్ల లైసెన్సులు, ఇవన్నీ పెద్ద అంకెలోవి. అంటే కౌన్సిల్‌వి. పోలీసు, ఫైర్, బస్సు, ట్రామ్ చిన్న అంకెల వైపు, అంటే మేయర్ వైపు. వీసా, పన్నులు, బెనిఫిట్లు ఈ బిల్లులో ఎక్కడా ఉండవు. అవి లండన్‌లో ఉన్న ప్రభుత్వానివి. వాటికి మీ ఎంపీ ఉన్నాడు. ఎంఅరవై లాంటి మోటర్‌వేలు కూడా కేంద్రం చేతిలోవే.

ఒక్క విషయంలో అందరూ పొరబడతారు, ఆసుపత్రి. 2016 ఏప్రిల్ నుంచి ఇక్కడి ఆరోగ్య, సంరక్షణ బడ్జెట్‌ని, సుమారు 600 కోట్ల పౌండ్లు, స్థానికంగానే నడుపుకోండని ఇచ్చారు, పేపర్లలో పెద్ద వార్త. అది చదివి మా కేర్ హోమ్‌లో ఒకావిడ, జీపీ (మన వీధి డాక్టర్) అపాయింట్‌మెంట్ దొరకట్లేదని మేయర్‌కి రాయబోయింది. ఆ డబ్బు మీద ఇక్కడివాళ్ల మాట కొంత చెల్లుతుంది. కానీ డాక్టర్ అపాయింట్‌మెంట్ ఇప్పించే శక్తి మేయర్‌కి లేదు. ఆసుపత్రుల జవాబుదారీ ప్రభుత్వ వైద్య వ్యవస్థ ఎన్‌హెచ్ఎస్‌దే.

బస్సు: ఇక్కడ మాత్రం గట్టిగా అడగొచ్చు

మేయర్ చేతిలో నిజంగా బరువున్న తాళంచెవి బస్సులది. కొంచెం వెనక్కి వెళ్తే తప్ప ఇది అర్థం కాదు. 1985లో వచ్చిన చట్టంతో 1986 అక్టోబర్ నుంచి లండన్ తప్ప మిగతా ఇంగ్లండ్‌లో బస్సుల్ని ప్రైవేటు కంపెనీలకు వదిలేశారు. ఏ దారిలో తిరగాలి, ఎంత వసూలు చేయాలి, ఎప్పుడు మానేయాలి, అన్నీ వాళ్లిష్టం. నేను వచ్చిన కొత్తలో డ్యూటీకి రెండు కంపెనీల బస్సులెక్కేదాన్ని. ఒకదాని వీక్లీ టికెట్ రెండోదాంట్లో చెల్లదు. అన్నిట్లోనూ చెల్లే టికెట్ ఒకటుండేది, కాకపోతే ధర ఎక్కువ. ఒక వేసవిలో నేనెక్కే రెండో బస్సుని కంపెనీవాళ్లు ఆదివారాలు తీసేశారు. ఎవరికి చెప్పాలో తెలియలేదు. చెప్పడానికి నిజంగానే ఎవరూ లేరు, అది చట్టమే.

2017లో వచ్చిన బస్సు సర్వీసుల చట్టం ఆ తలుపు తెరిచింది. ఎన్నికైన మేయర్ ఉన్న కంబైన్డ్ అథారిటీలు బస్సుల్ని తమ అదుపులోకి తీసుకోవచ్చు. దీన్ని ఫ్రాంచైజింగ్ అంటారు. దారులూ, టైమ్‌టేబులూ, చార్జీలూ అథారిటీ నిర్ణయిస్తుంది. కంపెనీలు కాంట్రాక్టు మీద బస్సు నడిపి పెడతాయి. 2021 మార్చిలో మేయర్ ఆ నిర్ణయం తీసుకున్నారు. బస్సు కంపెనీలు రెండు కోర్టుకెళ్లి, 2022లో ఓడిపోయాయి. 2023 సెప్టెంబర్ 24న మా బోల్టన్‌లోనూ, విగన్‌లోనూ మొదటి పసుపు బస్సులు దిగాయి. బీ నెట్‌వర్క్ అని పేరు. తేనెటీగ మాంచెస్టర్ గుర్తు. 2025 జనవరి 5 నాటికి పది బరోలూ (ఒక్కో కౌన్సిల్ ప్రాంతాన్ని బరో అంటారు) దీంట్లోకి వచ్చేశాయి. అదే నెలలో దేశమంతా బస్సు చార్జీ గరిష్ఠ పరిమితి 3 పౌండ్లకి పెరిగితే ఇక్కడ 2 పౌండ్ల దగ్గరే ఆపారు. ఒకసారి టికెట్ కొంటే గంటలోపు ఎన్ని బస్సులైనా మారొచ్చు. పాత రోజులు చూసినదాన్ని కాబట్టి నాకు ఆ గంట విలువ తెలుసు.

కాబట్టి బస్సు రాలేదు, ఆలస్యమైంది, డ్రైవర్ ఆపకుండా వెళ్లిపోయాడు అంటే బస్సు మీద ఏ కంపెనీ పేరుందో వెతక్కండి. నేరుగా బీ నెట్‌వర్క్‌కే ఫిర్యాదు పెట్టండి. తేదీ, టైము, స్టాపు పేరు, రూటు నంబరు, ఏ వైపు వెళ్తున్న బస్సు అనేది రాయండి. "ఎప్పుడూ లేటే" అని రాస్తే ఎవరూ కదలరు. "ఫలానా మంగళవారం 6.10 బస్సు రాలేదు, 6.40ది వచ్చింది" అని రాస్తే దాన్ని కాంట్రాక్టు లెక్కలతో సరిచూడొచ్చు.

పిల్లలున్న ఇళ్లకి ఒక మాట. 16 నుంచి 18 ఏళ్ల వయసువాళ్లకి అవర్ పాస్ అని ఉంది, 2019లో మొదలైంది. మొదట్లో 10 పౌండ్లు కట్టి తీసుకుంటే బస్సులన్నీ ఫ్రీ. మా అబ్బాయికి ఆ పాస్ సంగతి కాలేజీలో స్నేహితుడు చెప్పేదాకా మాకు తెలియదు. మూడు నెలలు టికెట్ డబ్బులు దండగ.

ట్రామ్ కూడా ఇదే గూటిలోది. రైళ్లు మాత్రం కాదు. స్టేషన్లో రైలు రద్దయిందని మేయర్‌ని తిట్టేవాళ్లని రోజూ వింటాను. ఎనిమిది రైలు మార్గాల్ని 2028 నాటికి బీ నెట్‌వర్క్‌లోకి తెస్తామన్న ప్రణాళిక ఉంది. రైళ్లు నడిపే అధికారం మాత్రం ప్రభుత్వం దగ్గరుంది.

పోలీసు, ఫైర్, కోర్సులు

గ్రేటర్ మాంచెస్టర్‌లో విడిగా పోలీసు కమిషనర్‌ని ఎన్నుకోరు. ఆ బాధ్యత కూడా మేయర్‌దే, ఒక డిప్యూటీ మేయర్ చూస్తారు. అంటే చీఫ్ కానిస్టేబుల్‌ని నియమించడం, బడ్జెట్ ఇవ్వడం, ఏ నేరాల మీద దృష్టి పెట్టాలో చెప్పడం. ఎవర్ని అరెస్టు చేయాలో మేయర్ చెప్పకూడదు, చెప్పినా పోలీసులు వినక్కర్లేదు. 2020 చివర్లో తనిఖీ సంస్థ ఇక్కడి పోలీసులు ఒక్క ఏడాదిలో సుమారు 80,000 నేరాల్ని నమోదు చేయలేదని తేల్చినప్పుడు, చీఫ్ కానిస్టేబుల్ దిగిపోయారు, మేయర్ కొత్తవారిని తెచ్చుకోవాల్సి వచ్చింది. ఆ రోజుల్లో "మరి మేయర్ ఏం చేస్తున్నట్టు" అని అందరూ అడిగారు, అడగాల్సిందే. మీకు దొంగతనం జరిగితే 101, ప్రాణం మీదికొస్తే 999. పోలీసుల తీరు మీద ఫిర్యాదు మొదట పోలీసులకే పెట్టాలి. వాళ్ల జవాబు నచ్చకపోతే కొన్ని రకాల ఫిర్యాదుల సమీక్ష మేయర్ ఆఫీసు వైపుకి వస్తుంది. అప్పుడు ఆ జవాబు కాపీ మీ దగ్గరుండాలి.

పెద్దల చదువుల డబ్బు 2019 ఆగస్టు నుంచి కంబైన్డ్ అథారిటీ ద్వారానే కాలేజీలకు వెళ్తోంది. ఇంగ్లిష్ రాని అత్తగారికో, పని మారాలనుకునే మీకో కోర్సు కావాలంటే మేయర్‌కి రాయకండి, దగ్గర్లో ఉన్న కాలేజీ అడ్మిషన్స్‌కి వెళ్లండి. వీసా రకాన్ని బట్టి ఫీజు మారుతుంది, పాస్‌పోర్టు పట్టుకెళ్లండి. మీరు చూస్తున్న రంగంలో కోర్సే లేదంటే, అది మేయర్ దగ్గర ఎత్తాల్సిన ప్రశ్న. సీటు కాలేజీ ఇస్తుంది, ఏ కోర్సుకి డబ్బివ్వాలో పైన నిర్ణయిస్తారు. ఈ తేడా తెలిస్తే సగం తిరుగుడు తప్పుతుంది.

ఎలా అడగాలి

ఒక్క మనిషి మెయిల్‌తో పని కాదు అని నేను అనను, గుంత మెయిల్ లాంటిదైతే కాదు అంటాను. నాకు తెలిసినంతలో పనికొచ్చే దారి ఇది. అథారిటీ మీటింగులు నెలకోసారి జరుగుతాయి. వాటి కాగితాలు కనీసం ఐదు పనిదినాల ముందు వెబ్‌సైట్లో పెడతారు, మీటింగు లైవ్‌లో చూడొచ్చు. బస్సు, ట్రామ్ విషయాలకి బీ నెట్‌వర్క్ కమిటీ అని వేరే ఉంది. అందులో ప్రతి బరో నుంచీ కౌన్సిలర్లుంటారు. మీ బరో తరఫున ఎవరున్నారో చూసి, వాళ్లకి రాయండి. మేయర్‌కి వారానికి ఎన్ని వందల మెయిళ్లు వస్తాయో నాకు తెలియదు కానీ, ఆ కౌన్సిలర్‌కి తన కమిటీ పని గురించి వార్డులోంచి మెయిల్ రావడం అరుదు. అరుదైనదాన్ని చదువుతారు.

మెయిల్ ఒక పేజీ దాటొద్దు. ఒక విషయమే. మీరెవరు, ఎక్కడుంటారు, ఏం జరుగుతోంది, ఏం కావాలి. చివర్లో ప్రశ్న ఉండాలి, కోపం ఉండకూడదు. "ఉదయం షిఫ్టు దిగేవాళ్లకి ఆదివారం మొదటి బస్సు ఎన్నింటికి, దాన్ని ముందుకి జరపడానికి అభ్యంతరం ఏమిటి?" అని అడిగితే ఎవరో ఒకరు జవాబు రాయాల్సి వస్తుంది. "మా గోడు వినేవాడే లేడు" అన్నదానికి జవాబు ఉండదు. మన తెలుగు ఉత్తరాల అలవాటు నాకూ ఉంది, క్షేమం అని మొదలెట్టి అసలు సంగతి చివర్లో చెప్పడం. ఇక్కడ తిరగేయండి.

అంకెలు కావాలంటే సమాచార స్వేచ్ఛ చట్టం కింద అడగండి. మన ఆర్టీఐ లాంటిదే, ఫీజు లేదు, 20 పనిదినాల్లో జవాబివ్వాలి. ఒక రూటులో ఆరు నెలల్లో ఎన్ని ట్రిప్పులు రద్దయ్యాయో అడిగి తెప్పించుకుని, ఆ కాగితం జతచేసి రాస్తే మీ మెయిల్ బరువే వేరు.

ప్రజాభిప్రాయ సేకరణలు వస్తుంటాయి, వాటిని వదలొద్దు. బస్సుల మీద రెండుసార్లు జరిగింది. రెండోసారి 2020-21 చలికాలంలో, లాక్‌డౌన్ మధ్యన. నేను ఆన్‌లైన్లో నింపాను. రాత్రి డ్యూటీవాళ్లకి తెల్లారుజాము దాకా బస్సుండదు, టాక్సీకి ఒక పూట జీతం పోతుంది అని రాశాను. 2024 సెప్టెంబర్‌లో బోల్టన్ నుంచి మాంచెస్టర్‌కి 36 నంబరు, లీ అనే ఊరి నుంచి వీ1 నంబరు బస్సులు రాత్రంతా గంటకొకటి తిప్పడం ప్రయోగంగా మొదలెట్టారు. నా నాలుగు వాక్యాల వల్లే వచ్చిందని చెప్పుకునేంత పిచ్చిదాన్ని కాను. కానీ ఆ మొదటి వారంలో రాత్రి రెండింటికి ఆ బస్సులో కూర్చుంటే, చుట్టూ ఉన్నవాళ్లంతా యూనిఫాంల మీద కోటు వేసుకున్నవాళ్లే.

మేయర్ ప్రశ్నోత్తరాల సభలు కూడా జరుగుతుంటాయి, ఒక్కోసారి ఒక్కో బరోలో. ముందుగా సీటు బుక్ చేసుకోవాలి. ఒకసారి వెళ్లాను. చెయ్యెత్తినవాళ్లలో ఎక్కువ మంది ప్రశ్న అడగలేదు, ఉపన్యాసం ఇచ్చారు. ఇరవై సెకన్లలో అడిగినవాళ్లకే సూటి జవాబు దక్కింది. ఇంటి దగ్గరే కాగితం మీద రాసుకుని వెళ్లండి.

ఆయన చేతిలో లేని చోట

ఇళ్ల నిర్మాణానికి పది బరోలకీ కలిపి ఒకే భూప్రణాళిక వేయాలని ఏళ్లపాటు కూర్చున్నారు. దానికి పది మంది ఒప్పుకోవాలి. 2020 డిసెంబర్‌లో స్టాక్‌పోర్ట్ కౌన్సిల్ మాకొద్దని బయటికొచ్చింది, మొత్తం ప్రణాళిక కూలిపోయింది. మిగిలిన తొమ్మిది కలిసి ఇంకో పేరుతో మళ్లీ మొదలుపెట్టి, 2024 మార్చికి పూర్తి చేసుకున్నాయి. ఎన్ని లక్షల ఓట్లతో గెలిచినా, ఒక్క కౌన్సిల్ కాదంటే మేయర్ ఆగిపోతాడు. మీ పొరుగు పొలంలో ఇళ్లు కట్టొద్దనో కట్టాలనో అంటే ముందు మీ కౌన్సిలర్‌ని పట్టుకోమనేది ఇందుకే.

కాలుష్యం చేసే వ్యాన్లకీ టాక్సీలకీ రుసుము వేసే జోన్ సంగతి ఇంకోలా జరిగింది. 2022 మే నుంచి మొదలవ్వాలి, బోర్డులు కూడా పాతేశారు. వ్యాన్‌వాళ్లూ టాక్సీవాళ్లూ తిరగబడ్డారు. అమలు ఫిబ్రవరిలోనే ఆపేశారు. మా వీధిలో ఒకాయన వ్యాన్ అమ్మేసి కొత్తది కొన్నాక ఆపారు, ఆయన ఇప్పటికీ ఆ మాటెత్తితే చాలు.

అధికారం లేని చోట కూడా పనికొచ్చేది ఒకటుంది, గొంతు. 2020 అక్టోబర్‌లో కోవిడ్ ఆంక్షలు కఠినం చేస్తామని లండన్ అంటే, మూతపడే దుకాణాల్లో పనిచేసేవాళ్ల జీతాలకి కనీసం 6.5 కోట్ల పౌండ్లు ఇవ్వాలని బర్నమ్ పట్టుబట్టారు. చట్టప్రకారం ఆంక్షలు ఆపే హక్కు ఆయనకి లేదు. అక్టోబర్ 20న చర్చలు తెగిపోయాయి, ఆంక్షలు వచ్చాయి. ఆ రోజు ఆయన వీధిలో నిలబడి మాట్లాడుతుంటే ఫోన్లో వార్త చూసుకున్నది దేశం మొత్తం. అడిగినంత రాలేదు. కానీ ఆ తర్వాత "మేయర్ ఎవరు" అని అడిగేవాళ్లు మా కేర్ హోమ్‌లో లేరు. మీ సమస్య కేంద్రం చేతిలోది అయినా, పది బరోల్లో వందల మందిది అయితే మేయర్‌కి చెప్పండి. ఆయన తీర్చలేకపోవచ్చు, పైకి అరవగలడు. ఒక్కరి సమస్య అయితే ఎంపీ దగ్గరికే వెళ్లండి.

ఓటు: మనవాళ్లు వదిలేసుకునేది

ఇది చదువుతున్నవాళ్లలో సగం మందికి తెలియదని పందెం కాస్తాను. భారత పాస్‌పోర్టు మీద ఉన్నా ఇక్కడ ఓటుంది. ఇండియా కామన్‌వెల్త్ దేశం. 18 నిండి, చెల్లే వీసా ఏదైనా ఉండి ఇక్కడ నివసిస్తుంటే చాలు. స్టూడెంట్ వీసా అయినా, కేర్ వీసా అయినా, డిపెండెంట్ అయినా. సిటిజన్‌షిప్ దాకా ఆగక్కర్లేదు. ఎంపీకీ, కౌన్సిలర్‌కీ, మేయర్‌కీ అన్నిటికీ వేయొచ్చు.

ప్రభుత్వ వెబ్‌సైట్లో ఓటరు నమోదు పేజీలో ఐదు నిమిషాల పని. నేషనల్ ఇన్సూరెన్స్ నంబర్ పెట్టుకోండి. పౌరసత్వం దగ్గర ఇండియన్ అనే ఎంచుకోండి, భయపడొద్దు. పోలింగుకి 12 పనిదినాల ముందు గడువు ముగుస్తుంది. ఓటర్ల జాబితాలో పేరుంటే క్రెడిట్ రిపోర్టుకి కూడా మంచిది. ఫోన్ కాంట్రాక్టు రాలేదని ఏడ్చే పిల్లలకి నేను ముందు చెప్పేది ఇదే, ప్రజాస్వామ్యం గురించి ఉపన్యాసం తర్వాత. ఇల్లు మారితే మళ్లీ నమోదు చేసుకోవాలి. మనవాళ్లు ఇక్కడే జారిపోతారు.

2023 నుంచి పోలింగు కేంద్రంలో ఫొటో గుర్తింపు చూపాలి. భారత పాస్‌పోర్టు చెల్లుతుంది. ఇక్కడి డ్రైవింగ్ లైసెన్సు చెల్లుతుంది. ఏదీ లేకపోతే ఉచితంగా ఓటరు సర్టిఫికెట్ ఇస్తారు, ముందే అప్లై చేయాలి. 2017లో, 2021లో మొదటి ఎంపిక, రెండో ఎంపిక అని రెండు గుర్తులు పెట్టేవాళ్లం. చట్టం మారి 2024లో ఒక్క గుర్తే. బూత్‌లోకి వెళ్లాక కాగితం మీద రాసింది ఒకసారి చదువుకోండి. ఎన్నిక మామూలుగా నాలుగేళ్లకోసారి, 2024 తర్వాత లెక్క 2028 మే. మధ్యలో కుర్చీ ఖాళీ అయితే ఉప ఎన్నిక వస్తుంది.

ఒక్క ఓటుతో ఏమవుతుంది అంటారు. 2017లో ఇక్కడ ఓటేసింది 29 శాతం కూడా లేరు. 2024లో దక్షిణాన వెస్ట్ మిడ్‌లాండ్స్‌లో, బర్మింగ్‌హామ్ చుట్టుపక్కల ఏడు కౌన్సిళ్ల మేయర్ పదవి 1,508 ఓట్ల తేడాతో చేతులు మారింది. బర్మింగ్‌హామ్‌లో మన తెలుగు స్టూడెంట్లు ఎంతమందున్నారో మీరే లెక్కేసుకోండి.

ఇదంతా గ్రేటర్ మాంచెస్టర్ లెక్క. లీడ్స్‌లో ఉంటే వెస్ట్ యార్క్‌షైర్ మేయర్, అక్కడా పోలీసు బాధ్యత మేయర్‌దే. ఆ బాధ్యత ఉన్నవాళ్లు ఎంపీగా ఉండకూడదు, అందుకే ట్రేసీ బ్రాబిన్ 2021లో అక్కడ మేయర్‌గా గెలిచాక ఎంపీ పదవి వదులుకోవాల్సి వచ్చింది. బర్మింగ్‌హామ్‌లో ఆ బాధ్యత మేయర్‌కి కాక విడిగా ఎన్నికైన కమిషనర్‌కి ఉంటూ వచ్చింది, దాని మీద కోర్టు దాకా వెళ్లారు. లండన్‌ది 2000 నుంచి వేరే పద్ధతి, అక్కడ మేయర్‌ని నిలదీయడానికి 25 మంది అసెంబ్లీ ఉంది. కాబట్టి ఊరు మారినప్పుడల్లా బిల్లు వెనక్కి తిప్పి, మేయర్ పేరుతో ఏ వరుసలున్నాయో మళ్లీ చూసుకోండి.

2024 మే 2న నా డ్యూటీ ఏడున్నరకి అయింది. పోలింగు ఏడింటికే తెరుస్తారు, రాత్రి పది దాకా ఉంటుంది. చర్చి హాల్లో బల్ల దగ్గర కూర్చున్న పెద్దావిడ నా నీలం పాస్‌పోర్టు తెరిచి, ఫొటో చూసి, నా ముఖం చూసి, రాత్రంతా నిద్రలేని ముఖం కదా, ఇంకోసారి చూసి నవ్వింది. నాతో వచ్చిన ఖమ్మం అమ్మాయి గేటు దగ్గరే ఆగిపోయింది. ఆమె నమోదు చేసుకోలేదు. "మనకి కూడా ఉంటుందా అక్కా?" అంది. ఇంటికెళ్లేలోపు బస్సులోనే లింకు పంపాను. దాంతో పాటు గుంతల లింకు కూడా.